పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: విశ్వవిద్యాలయానికి ముందే ఉన్నత గణితం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. పాఠశాల గణితం సులువుగా పట్టుబడిన విద్యార్థి విశ్వవిద్యాలయంలో చెప్పబోయే గణితాన్ని ముందుగానే మొదలుపెట్టవచ్చా, పెడితే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నదే ఆ సందేహం. వాటిలో ఆరింటిని కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: పాఠశాల చదువు చివరి దశలో ఉన్నాను. అవకలనం, సమాకలనం పూర్తిచేశాను, పుస్తకంలోని లెక్కలన్నీ తప్పు లేకుండా చేయగలను. విశ్వవిద్యాలయంలో చేరడానికి ఇంకా ఏడాదికి పైగా వ్యవధి ఉంది. ఈలోగా అవకలన సమీకరణాలు చదవడం మంచిదా, అనేక చలరాశుల కలన గణితం చదవడం మంచిదా?

సమాధానం: రెండింటిలో ఏది చదివినా నష్టం లేదు. అయితే గణితం మెట్ల వరస వంటిదనీ, ముందుకు పోవడమంటే తరవాతి మెట్టు ఎక్కడమేననీ మీరు అనుకుంటున్నట్టు మీ ప్రశ్నను బట్టి తెలుస్తోంది. పాఠ్యపుస్తకాలు చదివినవారికి ఆ అభిప్రాయం కలగడం సహజమే. కాని విశ్వవిద్యాలయంలో గణితం తీసుకున్న విద్యార్థి మొదటి కొన్ని నెలల్లో తడబడేది చదవని అధ్యాయాల వల్ల కాదు, అక్కడ ప్రశ్న తీరే మారిపోవడం వల్ల. ఇంతకాలం 'విలువ కనుక్కోండి' అని అడిగినవారు అక్కడ 'నిరూపించండి' అంటారు, సూత్రంలో విలువలు ప్రతిక్షేపించడంలో ఆరితేరిన చేయి తెల్లకాగితం ముందు ఆగిపోతుంది.

మీకు మీరే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఒక రాశి వర్గానికి అవకలజం ఆ రాశికి రెట్టింపు అని మీకు తెలుసు. అది ఎందుకో పుస్తకం మూసి రాయండి. రాశిని కొద్దిగా పెంచుతారు, వర్గంలో వచ్చిన మార్పును ఆ పెంపుతో భాగిస్తారు, ఆ తరవాత పెంపును సున్నా అనుకుని వదిలేస్తారు. సున్నాతో భాగించరాదని చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నారు కదా, భాగించేటప్పుడు సున్నా కాని రాశి ఆ వెంటనే సున్నా ఎలా అయింది? 'అవధి తీసుకున్నాను' అని మీరు అంటే, 'దగ్గరవుతుంది', 'సమీపిస్తుంది' అన్న మాటలు వాడకుండా అవధి అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమని అడుగుతాను. చెప్పలేకపోతే చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. న్యూటన్, లైబ్నిట్జ్ కలన గణితాన్ని 17వ శతాబ్దపు చివరి భాగంలో రూపొందించగా, బర్క్లీ అనే తత్త్వవేత్త 1734లో సరిగ్గా ఈ అభ్యంతరాన్నే లేవనెత్తాడు. దానికి గణితవేత్త కోషీ 1821లో చాలావరకు సమాధానమిచ్చాడు, ఆ తరవాతి గణితవేత్త వైయర్‌స్ట్రాస్ వచ్చాక గాని ఆ సమాధానానికి నేటి రూపం ఏర్పడలేదు. అంత కాలం పట్టిన విషయం ఎవరికైనా ఒక సాయంత్రంలో అందకపోవడంలో వింత లేదు.

అందుకని ఈ ఏడాదిని నిరూపణ నేర్చుకోవడానికే కేటాయించమని నా సలహా. దానికి సంఖ్యా సిద్ధాంతం బాగా అనువైన చోటు. అక్కడ ఎదురయ్యేవన్నీ పరిచయమైన పూర్ణసంఖ్యలే, కొత్తగా నేర్వవలసిన సామగ్రి తక్కువ, అయినా పొరపాటు పడడానికి కావలసినంత అవకాశం ఉంటుంది. ముందుగా, నిరూపణ అవసరమేనన్న నమ్మకం మీకు కుదరాలి. ఏదైనా సంఖ్యను తీసుకుని దాని వర్గానికి ఆ సంఖ్యను, మరి 41ని కలపండి. 0తో మొదలుపెడితే 41, 43, 47, 53 వస్తాయి. 39 దాకా వరసగా నలభై సార్లు ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 వర్గం. నలభయ్యో ప్రయత్నం తరవాత పుస్తకం మూసేసి ఇది నియమమని ప్రకటించినవాడిని మనం తప్పుపట్టగలమా? ఫెర్మా అంతటివాడు కూడా ఇటువంటి చోటే పొరబడ్డాడు. 3, 5, 17, 257, 65537 అని సాగే తన వరసలో (ఒక సంఖ్యలోంచి 1 తీసివేసి, వర్గం చేసి, 1 కలిపితే తరవాతిది వస్తుంది) అన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆయన భావించాడు. ఆ వరసలో తరవాతిదైన 4294967297ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు.

ఇక నిరూపణ చదివే పద్ధతి. √2 కరణీయ సంఖ్య అనే నిరూపణ మీ పాఠ్యపుస్తకంలోనే ఉండి ఉంటుంది. అది అకరణీయ సంఖ్య అనుకుని, లవహారాలకు ఉమ్మడి కారణాంకం లేని భిన్నంగా రాసి, వర్గం చేస్తే లవం వర్గం హారం వర్గానికి రెట్టింపవుతుంది. అందువల్ల లవం సరిసంఖ్య, దాంతో హారం కూడా సరిసంఖ్య అయి, ఉమ్మడి కారణాంకం లేదన్న మాట చెడుతుంది. చాలామంది దీన్ని కంఠస్థం చేసి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. మీరు మాత్రం ఇదే నిరూపణను 2 ఉన్నచోట 4 పెట్టి తిరగరాయండి. √4 విలువ 2, అది కరణీయ సంఖ్య కాదు. కాబట్టి నిరూపణ ఎక్కడో ఒకచోట తెగి తీరాలి. ఎక్కడ తెగిందో వెతికితే '4 ఒక సంఖ్య వర్గాన్ని భాగిస్తే ఆ సంఖ్యను కూడా భాగిస్తుంది' అన్న చోట దొరుకుతుంది. 2 వర్గాన్ని 4 భాగిస్తుంది, 2ను భాగించదు. తరవాత 3తో చేయండి, నిరూపణ నిలుస్తుంది. 6 ప్రధాన సంఖ్య కాకపోయినా 6తోనూ నిలుస్తుంది, ఎందుకో ఆలోచించండి. 12తో చేస్తే తెగిపోతుంది, ఎందుకంటే 12కు 36ను భాగించడం చేతనవును గాని 6ను భాగించడం చేతకాదు. అయినా √12 కరణీయ సంఖ్యే! నిరూపణ చెడిపోతే సిద్ధాంతం అబద్ధమని తేలినట్టు కాదన్న సంగతి ఇక్కడ మీ చేతికే తగులుతుంది. 12కు పనికివచ్చే మరో నిరూపణ మీరే కట్టగలిగితే, ఏ సంఖ్యల వర్గమూలాలు కరణీయాలో సంపూర్ణంగా చెప్పే సిద్ధాంతానికి చాలా దగ్గరకు వచ్చినట్టే. ఒకే ఒక్క నిరూపణతో వారం రోజులు గడపడం కాలహరణమని ఎవరైనా అంటే పట్టించుకోకండి. గణితాన్ని అలా చదివినవారికి అవకలన సమీకరణాలు తరవాత ఎప్పుడైనా వస్తాయి.

ప్రశ్న: దగ్గరలో అడిగి తెలుసుకోవడానికి ఎవరూ లేనందున వాస్తవ విశ్లేషణను (కలన గణితాన్ని నిరూపణలతో చెప్పే శాఖను) నా అంతట నేనే చదువుతున్నాను. ఒక్కొక్క పుటకు రెండు మూడు గంటలు పడుతున్నది. ఇంత మందకొడిగా సాగితే నేను గణితానికి పనికిరాననుకోవాలా?

సమాధానం: ఆ విషయంలో గంటకు ఇరవై పుటలు చదివానని చెప్పేవారి గురించే నేను ఎక్కువ దిగులు పడతాను. మీ వేగం మామూలు వేగమే. ఆ రెండు గంటల్లో మీరు ఏం చేస్తున్నారన్నదే చూడవలసినది. అదే వాక్యాన్ని పదిసార్లు చదువుతూ ఉంటే ఫలితం తక్కువ. సిద్ధాంతం చదవగానే నిరూపణను కాగితంతో కప్పి, కనీసం అరగంట మీరే ప్రయత్నించండి. ఆ తరవాత మొదటి రెండు పంక్తులు మాత్రం చూసి మళ్లీ ప్రయత్నించండి. నిరూపణ అర్థమయ్యాక, సిద్ధాంతంలో ఉన్న షరతులను ఒక్కొక్కటిగా తీసివేసి ఏమవుతుందో చూడండి.

ఉదాహరణకు, అవిచ్ఛిన్న ప్రమేయం ఒకచోట రుణ విలువను, మరొకచోట ధన విలువను తీసుకుంటే ఆ మధ్య ఎక్కడో సున్నా అవుతుందన్న సిద్ధాంతం ఉంది. బొమ్మ గీస్తే ఇది నిరూపించనక్కరలేనంత స్పష్టంగా కనిపిస్తుంది. కాని మన దగ్గర అకరణీయ సంఖ్యలు మాత్రమే ఉన్నాయనుకోండి. ఒక సంఖ్య వర్గంలోంచి 2 తీసివేసే ప్రమేయం 1 వద్ద రుణం, 2 వద్ద ధనం, మధ్యలో ఎక్కడా తెగదు. అయినా ఎక్కడా సున్నా కాదు, ఎందుకంటే √2 అక్కడ లేదు. అంటే ఆ సిద్ధాంతం ప్రమేయం గురించి ఎంత చెబుతున్నదో, వాస్తవ సంఖ్యలకు ఉన్న సంపూర్ణత (సంఖ్యారేఖ మీద ఖాళీలు లేకపోవడం) గురించి కూడా అంతే చెబుతున్నది. పుస్తకం మొదటి అధ్యాయంలో విసుగు పుట్టించిన ఆ సంపూర్ణత స్వీకృతం ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది.

ఒంటరిగా చదవడంలో ఉన్న అసలు ప్రమాదం మందగమనం కాదు, మనకు తెలియకుండా మిగిలిపోయే ఖాళీలు. సోఫీ జెర్మెయిన్ ఫ్రెంచి విప్లవ కాలంలో, పదమూడేళ్ల వయసులో, తండ్రి గ్రంథాలయంలో గణితం చదవడం మొదలుపెట్టింది. స్త్రీలకు ప్రవేశం లేని విద్యాలయపు పాఠాలను ల్‌బ్లాంక్ అనే మారుపేరుతో సంపాదించి చదువుకుంది. సంఖ్యా సిద్ధాంతంలో ఆమె సాధించినవి నేటికీ ఆమె పేరుతోనే నిలిచాయి. అంతటి ప్రతిభావంతురాలు స్థితిస్థాపక ఫలకాల కంపనాలపై 1811లో బహుమతి పోటీకి పంపిన వ్యాసంలో పొరపాట్లు దొర్లాయి. ఒక క్రమంలో గురువు వద్ద నేర్చుకునే అవకాశం లేకపోవడమే వాటికి చాలావరకు కారణం. ఆమె పట్టు వదలక 1816లో ఆ బహుమతిని గెలుచుకుంది. మీరు రాసిన నిరూపణలను నెలకొకసారైనా తెలిసినవారెవరికైనా చూపించే ఏర్పాటు చేసుకోండి. అది వీలుకాని రోజుల్లో, గణితవేత్త ఏబెల్ కథను గుర్తుంచుకోండి. విద్యార్థిగా ఉండగా చలరాశి అయిదో ఘాతం దాకా ఉండే సమీకరణాలకు సాధన సూత్రం కనుక్కున్నానని ఏబెల్ నమ్మాడు. దాన్ని పరిశీలించిన డేగెన్ అనే గణితవేత్త, సంఖ్యలతో ఒక ఉదాహరణ చేసి చూపమన్నాడు. ఆ ఉదాహరణ చేయబోయిన ఏబెల్ తన తప్పును తానే పట్టుకున్నాడు. అటువంటి సాధారణ సూత్రమేదీ ఉండదని 1824లో నిరూపించినవాడూ ఆయనే. ప్రతి సాధారణ ఫలితానికీ సంఖ్యలతో ఒక ఉదాహరణ చేసి చూడడానికి గురువు అక్కరలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. లెక్కల్లో చురుకైనవాడు. గొప్ప గణితవేత్తలందరూ చిన్నతనంలోనే మొదలుపెట్టారని చదివాను. ఇప్పటినుంచే విశ్వవిద్యాలయపు పుస్తకాలు చదివిస్తే మంచిదని అనుకుంటున్నాను. మీరేమంటారు?

సమాధానం: మీ ఉత్తరం రెండు పుటలు ఉంది. అందులో అబ్బాయి అడిగిన ప్రశ్న ఒక్కటి కూడా లేదు. నా సమాధానం దాని మీదే ఆధారపడి ఉంటుంది. తనకు తానుగా పుస్తకం వెతుక్కుంటున్న పిల్లవాడిని వయసు చూపి ఆపడం అన్యాయం. తెలిసిన లెక్కలనే మళ్లీ మళ్లీ చేయిస్తే చురుకైనవాడికి గణితమంటేనే విసుగు పుడుతుంది. కాని పెద్దల తొందర కోసం చదివిన అధ్యాయాలు త్వరగానే మరుపున పడతాయి.

చిన్నతనంలోనే మొదలుపెట్టినవారు ఉన్న మాట నిజమే. 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో నిర్మించవచ్చునని గౌస్ 1796లో కనుగొన్నప్పుడు ఆయనకు పంతొమ్మిదేళ్లు నిండలేదు. గాల్వా ఇరవయ్యేళ్ల వయసులో మరణించేనాటికే సమీకరణాల సిద్ధాంతాన్ని మలుపు తిప్పాడు. అదే గాల్వా తాను కోరుకున్న విద్యాసంస్థ ప్రవేశ పరీక్షలో రెండుసార్లు తప్పాడన్నది కూడా గుర్తుంచుకోవాలి. రామానుజన్ పదిహేను పదహారేళ్ల వయసులో, వేల ఫలితాలను నిరూపణలు దాదాపుగా లేకుండా కూర్చిన ఒక సంకలనాన్ని సంపాదించి అందులో మునిగిపోయాడు. ఆ తరవాత కళాశాలలో మిగిలిన విషయాలను నిర్లక్ష్యం చేసి ఉపకారవేతనం పోగొట్టుకున్నాడు. 1913లో ఇంగ్లండులోని గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో ఆశ్చర్యం గొలిపే ఫలితాలతో పాటు ప్రధాన సంఖ్యల గురించి తప్పు ప్రతిపాదన కూడా ఉంది. నిరూపణతో పరిచయం లేకపోవడం అంతటి మేధావిని కూడా ఇబ్బంది పెట్టింది. ఇక ఆలస్యంగా మొదలుపెట్టినవారి పేర్లు మీరు చదివిన చోట కనబడకపోవచ్చు. 2022లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం అందుకున్న జూన్ హూ కవి కావాలని పాఠశాల చదువు మధ్యలో మానేసినవాడు. విశ్వవిద్యాలయంలో చివరి సంవత్సరంలో గణితవేత్త హిరొనాకా పాఠాలు విన్న తరవాతే ఆయన గణితం వైపు తిరిగాడు.

కాబట్టి వయసును లెక్కపెట్టడం ఆపి, ఒక ప్రయోగం చేయండి. వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెండింటినీ సరళరేఖతో కలిపితే వృత్తం లోపలి భాగం ఎన్ని ముక్కలవుతుందో లెక్కించమనండి. మూడు రేఖలు ఒకేచోట ఖండించుకోకుండా చూసుకోవాలి. ఒక బిందువుకు 1, రెండింటికి 2, ఆ తరవాత 4, 8, 16 వస్తాయి. ఆరు బిందువులకు ఎన్ని వస్తాయో గీసి చూడమనండి. 32 అని చెప్పి ఆటకు వెళ్లిపోతే మంచిదే, వెళ్లనివ్వండి. 31 వచ్చిందని, ఎన్నిసార్లు లెక్కించినా అదే వస్తోందని, ఎందుకలా అని మిమ్మల్ని వేధిస్తే అప్పుడు సంయోగాల గురించి ఉన్న పుస్తకం తెచ్చివ్వండి.

ప్రశ్న: రేఖీయ బీజగణితం మొదలుపెట్టాను. మాత్రికల గుణకారం ఆ వింత పద్ధతిలో ఎందుకు చేయాలో ఎంత చదివినా అర్థం కావడం లేదు.

సమాధానం: మాత్రికను సంఖ్యల పట్టికగా చూసినంతకాలం అర్థం కాదు. రెండు వరసల, రెండు నిలువుల మాత్రికను తలాన్ని కదిలించే క్రియగా చూడండి. మొదటి నిలువు వరస అడ్డ అక్షం మీది ప్రమాణ సదిశ ఎక్కడికి పోతుందో చెబుతుంది, రెండోది నిలువు అక్షం మీది సదిశ సంగతి చెబుతుంది. రెండు మాత్రికలను గుణించడమంటే ఒక కదలిక తరవాత మరొకటి చేయడం. ఆ నియమం పైనుంచి విధించినది కాదు, వరసగా రెండు కదలికలు చేసి లెక్క కడితే అదే వస్తుంది. ఒక కోణం మేరకు తిప్పే మాత్రికను మరో కోణం మేరకు తిప్పే మాత్రికతో గుణించి చూడండి. త్రికోణమితిలో కష్టపడి కంఠస్థం చేసిన సంయుక్త కోణాల సూత్రాలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. మాత్రిక నుంచి లెక్కించే నిర్ధారకం అనే సంఖ్య ప్రమాణ చతురస్రపు వైశాల్యం ఎన్ని రెట్లయిందో చెబుతుంది, తలం తిరగబడితే దానికి రుణ గుర్తు వస్తుంది. రెండు మాత్రికల లబ్ధానికి నిర్ధారకం వాటి నిర్ధారకాల లబ్ధమే అవుతుందన్నది దీనితో కంటికి కనబడుతుంది.

ప్రశ్న: ఉన్నత గణితం చదవడానికి బదులు ఒలింపియాడ్ లెక్కలు చేయడం మేలా?

సమాధానం: చేయాలనిపిస్తే చేయండి, రెండింటికీ వైరం లేదు. 1959లో రుమేనియాలో మొదలైన, పాఠశాల విద్యార్థుల పోటీ అయిన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో రెండు రోజుల్లో, రోజుకు నాలుగున్నర గంటల చొప్పున, మొత్తం ఆరు లెక్కలు ఇస్తారు. వాటికి కలన గణితం అవసరం ఉండదు, సమాధానం మాత్రం పూర్తి నిరూపణగా రాయాలి. ఒక్క లెక్కతో గంటన్నర కూర్చునే ఓపిక అక్కడ అలవడుతుంది. ఒకే తేడా ఉంది. అక్కడ లెక్కకు సాధన ఉందని, అది కొద్ది గంటల్లో దొరికేదేనని ముందే తెలుసు. విశ్వవిద్యాలయంలోనూ, ఆ తరవాతా ఆ హామీ ఇచ్చేవారుండరు. కాలపరిమితితో ఒత్తిడికి లోనయ్యే స్వభావం మీదైతే ఆ లెక్కలనే గడియారం లేకుండా చేసుకోండి.

ప్రశ్న: 0.999… అనే అనంత దశాంశం 1కి సమానమని మా తరగతిలో చెప్పారు. దాన్ని పదితో గుణించి, అందులోంచి దాన్నే తీసివేస్తే 9 వస్తుంది, కాబట్టి అది 1 అని చూపించారు. నా స్నేహితుడు మాత్రం ఇది గారడీ అని వాదిస్తున్నాడు. ఎవరిది ఒప్పు?

సమాధానం: ఫలితం ఒప్పే, మీ స్నేహితుడి అనుమానమూ ఒప్పే. అదే కిటుకును 1, 2, 4, 8 అంటూ రెట్టింపయ్యే సంఖ్యల అనంత మొత్తం మీద ప్రయోగించండి. ఆ మొత్తాన్ని రెట్టింపు చేస్తే మొదటి 1 తప్ప మిగిలినవన్నీ వస్తాయి, అంటే రెట్టింపు చేసినది అసలు మొత్తం కంటే 1 తక్కువ. దానినుంచి మొత్తం రుణ 1 అని తేలుతుంది. ధన సంఖ్యలు కలుపుతూ పోతే రుణ సంఖ్య రావడమేమిటి? పొరపాటు కూడికలోనూ లేదు, తీసివేతలోనూ లేదు. ఆ అనంత మొత్తానికి ఒక విలువ ఉందని ముందే అనుకుని దాన్ని గుణించడంలో ఉంది. 0.999… విషయంలో ఆ విలువ ఉందని వేరుగా చూపాలి. ఒక తొమ్మిది దగ్గర ఆపితే 1కి పదో వంతు తక్కువ, రెండింటి దగ్గర ఆపితే నూరో వంతు తక్కువ, మూడింటి దగ్గర వెయ్యో వంతు. మీ స్నేహితుడిని ఎంత చిన్న ధన సంఖ్యనైనా చెప్పమనండి. ఫలానా చోటు దాటాక ఎక్కడ ఆపినా తేడా దానికంటే తక్కువే ఉంటుందని మీరు చూపగలరు. ఆ మొత్తానికి 1 అవధి అనడంలో ఉన్న అర్థం ఇంతే, అనంత దశాంశం విలువ అంటే ఆ అవధే. ఇందులో 'సమీపిస్తుంది' అన్న మాట ఎక్కడా వాడలేదని గమనించి, మొదటి ప్రశ్న అడిగిన పాఠకుడు తన వాక్యాన్ని దీనితో పోల్చి చూసుకోవచ్చు.